నిలువ నీటిలో కావలి ప్రాణులు

పెరటిలో గాబు నిండియున్న నాడు ఇల్లాలికి నిశ్చింత. కుళాయి రోజు విడిచి రోజు వచ్చు పట్టణములలోను, ట్యాంకరు కొరకు బిందెలు వరుసపెట్టి ఎదురుచూచు పేటలలోను, బోరు నీటికి వంతులు వేసికొను గ్రామములలోను నీటిని నిలువ చేసికొనక తప్పదు. సిమెంటు తొట్టి, మట్టి గోలెము, ప్లాస్టిక్ పీపా, నేలలోని సంపు, మిద్దెమీది ట్యాంకు, ఇవన్నియు నీటి కొరత మనుష్యునికి నేర్పిన జాగ్రత్తలే. కాని అతడు తన కొరకు దాచుకొన్న నీటిని దోమ తన సంతానము కొరకు వాడుకొనుచున్నది. నీరు మురికిగా నుండుటచేత వచ్చిన చిక్కు కాదిది. తేటగా నుండుటచేతనే వచ్చినది.

పురపాలక సంఘములవారు నీటిని వడపోసి, క్లోరిను కలిపి పంపుదురు. ఆ క్లోరిను కలరా, టైఫాయిడు మొదలగు వ్యాధుల సూక్ష్మక్రిములను చంపును. కుళాయి కడ లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని మన దేశపు ప్రమాణము. ఈపాటి క్లోరినుకు దోమపిల్లలు చావవు. పైగా మూతలేని తొట్టిలో పట్టిన నీటినుండి ఆ కొంచెము క్లోరిను కూడ ఒకటి రెండు రోజులలో గాలిలో కలిసిపోవును. "శుద్ధిచేసిన నీరు గదా, ఇందులో దోమలెక్కడివి?" అని నమ్మి తొట్టివైపు చూడని ఇండ్లు అనేకములు కలవు. మురుగు కాలువలలో పెరుగు దోమ జాతి వేరు. డెంగీ, చికున్‌గున్యా జ్వరములను మోయు జాతి వేరు. ఈ రెండవ జాతికి ఏడిస్ ఈజిప్టై అని పేరు. నల్లని శరీరము, కాళ్ళమీద తెల్లని పట్టెలు, పగటివేళ కుట్టు స్వభావము దీని గుర్తులు. దానికి కావలసినది మనుష్యుడు కోరునట్టి తేటనీరే.

ఈ దోమ గ్రుడ్లు పెట్టు విధము తెలిసికొనిననే తక్కిన విషయము బోధపడును. ఆడదోమ గ్రుడ్లను నీటిలో వదలదు. నీటి మట్టమునకు కొంచెము పైన, తడిగానున్న తొట్టిగోడకు ఒక్కొక్కటిగా అంటించును. నల్లని నలుసులవలె నుండు ఆ గ్రుడ్లు, నీరు తగ్గి గోడ ఎండిపోయినను చెడిపోవు. కొన్ని నెలలు అట్లే పడియుండి, మరల నీరు పైకెక్కి తాకినప్పుడు పగిలి పిల్లలగును. గ్రుడ్డు పగిలిన నాటినుండి రెక్కలు వచ్చి ఎగురువరకు మన ఉష్ణదేశములో వారము పది రోజులు చాలును. అందుచేతనే తొట్టిలోని నీటిని పారబోసినంత మాత్రమున పని కాదు. గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడిగిననే గ్రుడ్లు ఊడివచ్చును.

2005-06 సంవత్సరములలో చికున్‌గున్యా ఆంధ్ర ప్రదేశమునందును పొరుగు రాష్ట్రములందును వ్యాపించినప్పుడు, కీళ్ళు పట్టుకొనిపోయి నెలల తరబడి పనికి పోలేనివారు ఎందరో యుండిరి. డెంగీ అంతకన్న ప్రమాదకరము. దానిని కలిగించు వైరసు నాలుగు విధములు. ఒక విధము సోకి తగ్గినవానికి తరువాత మరియొక విధము సోకినచో వ్యాధి ముదురుటకు అవకాశము హెచ్చు. ఆ వైరసును నేరుగా చంపు మందు ఇంతవరకు వాడుకలోనికి రాలేదు. కనుక ఈ జ్వరములతో జరుగు పోరాటములో ముఖ్యభాగము ఆసుపత్రిలో కాక పెరటి తొట్టివద్దనే జరుగవలసియున్నది.

ఇందుకు అందరు ఎరిగిన ఉపాయము వారమునకొకసారి పాత్రలన్నిటిని ఖాళీచేసి, రుద్ది, ఎండబెట్టుట. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో శుక్రవారమును డ్రై డేగా పాటింపుడని ప్రచారము జరిగినది. పూలకుండీ క్రింది పళ్ళెము, కూలరు అడుగు తొట్టి, కోళ్ళకు నీళ్ళుపెట్టు చిప్ప, వీనికి ఇంతకన్న మంచి ఉపాయము లేదు. కాని నాలుగు వందల లీటర్ల తొట్టిని నిండుగా నున్నప్పుడు ప్రతి వారము పారబోయుమనుట, నీటికొరకు వీధి చివర నిలుచుండని వారు చెప్పు మాట. అట్టి సలహాను ప్రజలు వినకపోవుట వింత కాదు. పారబోయుటకు వీలులేని నీటికి మిగిలిన మార్గములు మూడు. దోమ దూరని మూత బిగించుట, దోమపిల్లలను చంపు మందు వేయుట, దోమపిల్లలను తిను ప్రాణిని ఆ నీటిలో కాపురముంచుట. మూడవ మార్గమును గూర్చియే ఇక్కడ వివరింపబడుచున్నది.

చేపలు

మన దేశములో ఈ పనికి ఎక్కువగా వాడబడుచున్నవి రెండు చేపలు, గంబూసియా, గప్పీ. గంబూసియా 1928లో ఇటలీనుండి ఇచ్చటికి తేబడినది. గప్పీ అంతకుముందే, ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో వచ్చినది. రెండును వ్రేలి పొడవుకు మించని చేపలు. రెండును గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును గనుక, వీనిని పెంచుటకు ప్రత్యేకమైన ఏర్పాట్లు అక్కరలేదు. నోరు పైవైపునకు తిరిగియుండుటచేత, ఊపిరి కొరకు నీటి పైపొరకు వచ్చి వ్రేలాడు దోమపిల్లలను పట్టుట వీనికి సులభము. ఎదిగిన గంబూసియా దినమునకు 100 నుండి 300 వరకు, గప్పీ 80 నుండి 100 వరకు దోమపిల్లలను తినునని జాతీయ కార్యక్రమపు మార్గదర్శకములు చెప్పుచున్నవి.

తొట్టికి, గోలెమునకు గప్పీయే తగినది. నీరు కొంత చెడినను అది ఓర్చుకొనును, ఇరుకు చోటను బ్రతుకును. కంబోడియా గ్రామములలో ఇండ్ల నీటిజాడీలలో గప్పీలను వదలి చేసిన ప్రయోగపు ఫలితములు 2008లో ప్రకటింపబడినవి. చేపలు వదలిన గ్రామములలో ఏడిస్ దోమపిల్లల బెడద నాల్గింట మూడు వంతులకు పైగా తగ్గినట్లు అందు తేలినది. అది జాడీలలో నీరు దాచుకొను దేశము. అక్కడి ఇంటి ముంగిలికిని మన గోలెములున్న పెరటికిని పెద్ద భేదము లేదు.

గంబూసియా విషయములో మాత్రము ఒక హెచ్చరిక అవసరము. ఇది ఆకలిగొన్న చేప, పోట్లాడు చేప. చెరువులో, వాగులో పడినచో దోమపిల్లలతో ఆగదు. స్థానికమైన చిన్నచేపల గ్రుడ్లను, పిల్లలను, కప్పపిల్లలను కూడ తినివేయును. ప్రపంచములో మిక్కిలి హాని చేసిన నూరు పరాయి జీవజాతుల పట్టికలో దీని పేరు చేరినది. ఆ కప్పపిల్లలు, ఆ చిన్నచేపలు దోమలకు శత్రువులే గనుక, వానిని పోగొట్టుకొని దీనిని తెచ్చుకొనుట లాభసాటి బేరము కాదు. గోడలు గల తొట్టిలో దేనిని పెంచినను చెల్లును గాని, తొట్టి కడిగిన నీటితోపాటు చేపలను కాలువలోనికి వదలుట తగదు.

చేపలతో వచ్చు ఇబ్బందులు ఇంకను రెండున్నవి. మొదటిది క్లోరిను. మనుష్యునికి హానిలేని క్లోరిను చేప మొప్పలను కాల్చివేయును. అప్పుడే కుళాయినుండి పట్టిన నీటిలో చేపలను వదలి, మరునాడు అవి తేలిపోగా "ఈ చేపలు మా నీటికి పడవు" అని విడిచిపెట్టిన ఇండ్లు కలవు. నీటిని మూతతీసి ఒకటి రెండు రోజులు నిలువయుంచిన తరువాతనే చేపలను వదలవలెను. తరువాత నీరు పట్టునప్పుడు కూడ తొట్టిని అడుగంటువరకు వాడి ఒక్కసారిగా నింపక, సగము నీరుండగనే పై సగమును నింపుచుండినచో చేపలకు హాని తక్కువ. బ్లీచింగు పొడితో తొట్టి కడిగిన నాడు రెండు మూడు మార్లు మంచినీటితో తొలిచి తీరవలెను. రెండవ ఇబ్బంది మనుష్యుల అలవాటు. తొట్టి కడుగువారు చేపలను చెంబులోనికి తీసియుంచుట మరచిపోవుదురు. ఈ పద్ధతి సడలిపోవుటకు ఈ మరపు ఒక కారణము. పోయిన చేపల స్థానములో వెంటనే క్రొత్తవి ఇచ్చువారు ఊరిలో నుండవలెను.

ఒంటికంటి ప్రాణి

చేపకన్న చిన్నది, చేపకన్న ఓర్పు గలది మరియొక ప్రాణి కలదు. బావినీటిని గాజుగ్లాసులో పోసి వెలుతురునకెదురుగా పట్టి చూచినచో, ఒక్కొక్కప్పుడు తెల్లని నలుసులు కుదుపుకుదుపుగా ఈదుచు కనబడును. అవియే సైక్లాప్సులు. రొయ్యలకును పీతలకును దూరపు చుట్టములు. తలమీద ఒక్కటే కన్ను ఉండుటచేత గ్రీకు పురాణములలోని ఒంటికంటి రాక్షసుల పేరు వీనికి పెట్టబడినది. పెద్దజాతులు సైతము ఒకటి నుండి రెండు మిల్లీమీటర్ల పొడవుకు మించవు. వీనిలో మీసోసైక్లాప్సు అను తెగకు చెందినవి దోమపిల్లల పాలిటి పులులు.

మీసోసైక్లాప్సు గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన దోమపిల్లను పట్టి కొరికి చంపును. ఒక్కొక్కటి దినమునకు 40 వరకు ఏడిస్ పిల్లలను చంపగలదు. ఆకలి తీరిన తరువాత కూడ చంపుట మానదు. తినునది కొంత, కొరికి విడిచిపెట్టునది కొంత. దోమపిల్లలు లేని కాలములో నీటిలోని కంటికి కనబడని సూక్ష్మజీవులను తిని బ్రతుకును. చేపకు లేని గొప్ప సౌకర్యమిది. ఆడది ఒకసారి మగదానితో కలిసిన చాలును. తరువాత జీవితమంతయు గ్రుడ్లు పెట్టుచునే యుండును. ఆ గ్రుడ్ల సంచులు తోకకు ఇరువైపుల కావడి కుండలవలె వ్రేలాడుచుండును. కనుక ఒకే ఒక్క ఆడ సైక్లాప్సు పడినను తొట్టి నిండ సంతానము వృద్ధిపొందగలదు.

దీని శక్తికి హద్దులు కూడ కలవు. మూడు నాలుగు రోజులు పెరిగిన దోమపిల్ల దీని నోటికి పెద్దది. దానిని ఏమియు చేయలేదు. అందుచేత సైక్లాప్సులను వదలిన మొదటి వారములో తొట్టిని తొంగిచూచినవారికి దోమపిల్లలు ఎప్పటివలెనే కనబడును. పాతవి ఎదిగి ఎగిరిపోయి, క్రొత్తవి పుట్టిన నాడే చచ్చుట మొదలైన తరువాత, అనగా రెండు మూడు వారములకు, ఫలితము తెలియును. మురుగునీటి దోమలైన క్యూలెక్సు పిల్లల మీద దీని ప్రతాపము అంతగా సాగదు. పాత్ర పూర్తిగా ఎండినచో సైక్లాప్సులు సాధారణముగా చచ్చిపోవును, దోమ గ్రుడ్లు మాత్రము బ్రతికియుండును.

ఈ ప్రాణికి దోమలను నిర్మూలించు శక్తి కలదను సంగతి పసిఫిక్ మహాసముద్రములోని తాహితి ద్వీపములో బయటపడినది. అక్కడ దోమలు గ్రుడ్లు పెట్టుటకై ఉంచిన నీటి పాత్రలలోనికి ఒక జాతి మీసోసైక్లాప్సు చేరగా, వానిలో ఏడిస్ పిల్లలు దాదాపు లేకుండ పోయెను. రివియేర్, తిరెల్ అను శాస్త్రజ్ఞులు 1981లో దీనిని ప్రకటించిరి. ఆ ద్వీపములలో ఒకజాతి ఏడిస్ దోమ పీతల బొరియలలోని నీటిలో పెరుగును. ఆ బొరియలలోనికి కూడ సైక్లాప్సులను వదలి చూచిరి. తరువాత అమెరికాలో న్యూ ఆర్లియన్సు నగరమున జెరాల్డ్ మార్టెన్ అను శాస్త్రజ్ఞుడు పారవేసిన టైర్ల గుట్టలలో మరియొక జాతి సైక్లాప్సును వదలి అక్కడి ఏడిస్ దోమలను తొలగించెను. ఇవన్నియు పరిశోధకులు దగ్గరనుండి జరిపిన ప్రయోగములు. ఊరివారు తమంత తాము నడుపుకొనగలరా యనునది తేలవలసియుండెను. అది వియత్నాములో తేలినది.

వియత్నాము గ్రామము

వియత్నాము ఉత్తరభాగమున, హనోయికి చేరువలో ఫాన్ బోయి అను గ్రామము కలదు. సుమారు 400 ఇండ్లు. వాననీటిని, బావినీటిని పెద్ద సిమెంటు తొట్లలోను జాడీలలోను నిలువచేయుట అక్కడి అలవాటు. వూ సిన్ నామ్ అను వియత్నాము శాస్త్రజ్ఞుడును, బ్రయన్ కే అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడును, వారి సహచరులును 1993లో ఆ గ్రామపు బావులలో, తొట్లలో, పెద్ద పాత్రలలో స్థానికమైన మీసోసైక్లాప్సులను వదలించిరి. బయటి దేశమునుండి ఏ ప్రాణినీ తేలేదు. ఆ ప్రాంతపు నీళ్ళలో సహజముగా నున్నదానినే పట్టి, లేని పాత్రలోనికి చేర్చిరి. ఒక ఇంటి తొట్టిలో అవి వృద్ధియైన తరువాత ఒక చిన్న బకెట్టు నీటితో ప్రక్కింటివారికి ఇచ్చుట సాధ్యమయ్యెను. పాలలో తోడు వేసినట్లు!

అయితే తొట్లలో ప్రాణులను వదలినంతనే పని ముగియలేదు. పగిలిన కుండలు, డబ్బాలు, సీసాలు, కొబ్బరిచిప్పలు వాననీటితో నిండినప్పుడు వానిలోను దోమలు పెరుగును. అవి ఎండుచు నిండుచు నుండును గనుక సైక్లాప్సులు వానిలో నిలువవు. కనుక అట్టి పనికిరాని వస్తువులను ఏరి, అమ్ముటకు వీలైనవానిని అమ్మి, ఊరిని శుభ్రము చేసిరి. అమ్మకముపై వచ్చు చిల్లర డబ్బు ఈ పనికి ప్రోత్సాహమయ్యెను. పెద్ద పాత్రల పని సైక్లాప్సుది, చిన్న పాత్రల పని మనుష్యులది. ఈ విభజన సరిగా జరిగినందుననే 1994 నాటికి ఆ గ్రామములో ఏడిస్ ఈజిప్టై దోమ కనబడకుండ పోయెను. తగ్గుట వేరు, కనబడకుండ పోవుట వేరు. పొగ కొట్టించుటవలన ఇట్టి ఫలితము వచ్చుట అరుదు.

తరువాత ఈ పద్ధతి ఇతర ప్రాంతములకు విస్తరింపబడినది. 2005లో ప్రకటింపబడిన నివేదిక ప్రకారము 37 కమ్యూనులలో 32 చోట్ల, మూడు లక్షలకు పైబడిన జనులు నివసించు ప్రాంతములో, ఆ దోమ నిర్మూలింపబడినది. 2002 తరువాత ఆ నివేదిక నాటివరకు ఆ ప్రాంతములలో డెంగీ కేసులు నమోదు కాలేదు. గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి తొట్లను పరీక్షించిరి, ఉపాధ్యాయులును పాఠశాల పిల్లలును చేయి కలిపిరి. ప్రాణి చేసినది సగము, పరీక్ష చేసినది సగము.

ఇతర ప్రాణులతో కూడ ప్రయత్నములు జరుగకపోలేదు. బర్మాలోని యాంగోన్ నగరమున తూనీగ పిల్లలను ఇండ్ల నీటిపాత్రలలో వదలి ఏడిస్ దోమలను అణచగలిగిరి. ఆ ఫలితములు 1990లో ప్రకటింపబడినవి. తూనీగ నీటిలో పిల్లగా నున్నప్పుడు దోమపిల్లలను, ఎగురునప్పుడు దోమలను తినును. కాని పెరిగి ఎగిరిపోవును గనుక మాటిమాటికి క్రొత్తవానిని తెచ్చి వదలుచుండవలెను. ఇంటింటికి అది సులభమైన పని కాదు.

ఒకే ప్రాణి, రెండు ముఖములు

వియత్నాములో ఇంత మేలు చేసిన సైక్లాప్సును మన దేశములో ఏల విరివిగా వాడలేదను సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము మన పెద్దవారికి బాగుగా జ్ఞాపకమున్న ఒక వ్యాధిలో నున్నది. అది నారికురుపు.

నారిపురుగు పిల్లలను నీటిలో మ్రింగి మోసినది సైక్లాప్సే. ఆ నీరు త్రాగినవాని దేహములో పురుగు సుమారొక సంవత్సరము పెరిగి, మూర పొడవును మించి, కాలిమీద పొక్కు చేసికొని బయటికి వచ్చును. మంటకు ఓర్వలేక రోగి కాలు నీటిలో పెట్టగానే పురుగు తన పిల్లలను వేలకొలది వదలును. వానిని సైక్లాప్సులు మరల మ్రింగును. జనులు దిగి నీరు ముంచుకొను దిగుడుబావులు ఈ చక్రమునకు ఇరుసులుగా నుండెను. రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రములతోపాటు ఆంధ్ర ప్రదేశమునందును ఈ వ్యాధి యుండెను. 1980 దశకములో మొదలైన నిర్మూలన కార్యక్రమములో దిగుడుబావులను చేదుకొను బావులుగా మార్చిరి, త్రాగునీటిని గుడ్డతో వడగట్టించిరి, నీటిలో టెమెఫాస్ అను మందు వేసి సైక్లాప్సులను చంపిరి. దేశములో చివరి రోగి 1996 జూలైలో రాజస్థానులోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడెను. 2000 సంవత్సరములో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును నారికురుపు లేని దేశముగా ధ్రువీకరించినది.

ఏ ప్రాణిని బావులనుండి తొలగించుటకు ఒక తరము వారు శ్రమించిరో, దానినే తొట్టిలో పెంచుమనుట జనులకు రుచింపదు. అది సహజమే. నారిపురుగే దేశములో లేనప్పుడు సైక్లాప్సు దానిని మోయజాలదనుట నిజము. అయినను కొన్ని ఇతర పరాన్నజీవుల పిల్లలకు కూడ ఈ జాతి ప్రాణులు ఆశ్రయమిచ్చును. కలరా సూక్ష్మక్రిములు సైతము వీని శరీరమునకు అంటుకొని యుండును. బంగ్లాదేశములోని మత్లబ్ ప్రాంతమున పాత చీర గుడ్డను మడతలు వేసి త్రాగునీటిని వడగట్టించినప్పుడు కలరా కేసులు దాదాపు సగము తగ్గినట్లు 2003లో ప్రకటింపబడినది. గుడ్డ రంధ్రములలో కలరా క్రిమి ఆగదు, అది పట్టుకొనియున్న సైక్లాప్సు ఆగును. మన ఇండ్లలో బిందెమూతికి గుడ్డకట్టి నీరు వడగట్టు పాత అలవాటులో ఇంతటి విజ్ఞానము ఇమిడియున్నది.

ఈ విషయములన్నిటిని కలిపి చూచినచో ఒక నియమము తేలుచున్నది. కావలి ప్రాణి యుండదగినది వాడుక నీటిలో, అనగా బట్టలకు, అంట్లకు, స్నానమునకు, పశువులకు వాడు నీటిలో. త్రాగునీరు వేరుగా, మూతగల బిందెలో, వడగట్టి యుండవలెను. రెండును ఒకే తొట్టినుండి తీసికొనక తప్పని ఇండ్లలో త్రాగు భాగమును మడతగుడ్డతో వడగట్టి కాచి త్రాగవలెను. మన జాతీయ కార్యక్రమములో ప్రస్తుతము వాడుకలో నున్నవి చేపలే గనుక, గృహస్థులు తొట్టికి చేపలను ఎన్నుకొనుట మంచిది. సైక్లాప్సులను జాతి గుర్తించి, పరీక్షించి వదలుట ఆరోగ్యశాఖ శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో జరుగవలసిన పని. చెరువునీటిని ముంచి తెచ్చి తొట్టిలో పోయుట కాదు.

మందును, ప్రాణిని కలుపుట

నిలువనీటిలో ఇదివరకే మందు వేసియున్నచో ఏమి చేయవలెను? ఇక్కడ పొరపాటు పడుట సులభము. ఏడిస్ పిల్లలను చంపుటకు లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున వేయు టెమెఫాస్, నారికురుపు రోజులలో సైక్లాప్సులను చంపిన మందే. కనుక ఆ మందు వేసిన తొట్టిలో సైక్లాప్సులను వదలుట వ్యర్థము. బీటీఐ అను బాక్టీరియా మందు అట్టిది కాదు. అది దోమపిల్లల కడుపులో విషముగా మారును, సైక్లాప్సుకు హాని చేయదు. ఆ మందు ఎదిగిన దోమపిల్లలను చంపుచుండగా సైక్లాప్సు క్రొత్తగా పుట్టినవానిని చంపును. మందు శక్తి కొన్ని వారములలో తగ్గిపోయిన తరువాత కూడ ప్రాణి మిగిలియుండును. ఈ రెంటి పొత్తు మంచిది.

క్లోరిను విషయములో సైక్లాప్సు చేపకన్న మొండిది. దానిని చంపుటకు లీటరుకు 5 మిల్లీగ్రాముల క్లోరిను కావలెను. త్రాగునీటిలో నుండు క్లోరిను అంతకు చాల తక్కువ. 2004లో న్యూయార్కు నగరపు కుళాయి నీటిలో ఈ జాతి ప్రాణులున్నవని తెలియగా, రొయ్యజాతివానిని తినరాదను నియమము గల యూదమతస్థులు ఆ నీటిని వడగట్టక త్రాగవచ్చునా యని చర్చించుకొనిరి. క్లోరిను కలిపిన మహానగరపు నీటిలోను అవి నిక్షేపముగా బ్రతికియుండెనన్నమాట.

తొట్టిలో చేపలు వదలునప్పుడు

చేపలను తెచ్చిన సంచిని లేక పాత్రను మొదట కొంతసేపు తొట్టినీటిలో తేలనిచ్చి, తరువాత కొంచెము కొంచెముగా తొట్టినీటిని దానిలోనికి పోసి, ఆ పైన చేపలను వదలవలెను. చల్లని నీటినుండి వేడి నీటిలోనికి ఒక్కసారిగా పడినచో అవి తట్టుకొనలేవు. ఇంటి సిమెంటు తొట్టికి అయిదారు గప్పీలు చాలును. వానిలో ఆడవి ఎక్కువగా నుండుట మంచిది. అవి మగవానికన్న పెద్దవి, ఎక్కువ తినును. వానికి వేరుగా మేత వేయరాదు. అన్నపు మెతుకులు వేసి ముద్దుచేసినచో నీరు చెడును, చేప దోమపిల్లల జోలికి పోదు. పిల్లలు దాగుటకు కొంచెము నీటినాచు ఉంచవలెను. లేనిచో తల్లియే వానిని తినివేయును. సబ్బునీరు తొట్టిలో పడకుండ చూడవలెను. మిద్దెమీది మూతగల ట్యాంకుకు చేపలకన్న బిగుతైన మూతయు, గాలిగొట్టమునకు సన్నని జల్లెడ గుడ్డయు మేలు.

తొట్టి కడుగు రోజున ముందుగా చేపలను అదే తొట్టినీటితో బకెట్టులోనికి తీసి, నీడలో నుంచి, పని ముగిసి క్రొత్తనీటిలోని క్లోరిను పోయిన తరువాత తిరిగి వదలవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువద్దనో, పంచాయతీ కార్యాలయము వద్దనో, బడి ఆవరణలోనో చేపలు పెంచు తొట్టి ఒకటి ఎల్లప్పుడు ఉండినచో, చేపలు పోయిన ఇంటివారు మరునాడే తెచ్చుకొనగలరు. వేసవిలో నీరు లేక ఇంటి తొట్లు ఎండిపోవు ఊళ్ళలో చేపలు ప్రాణముతో మిగులునది ఆ ఒక్క తొట్టిలోనే. వానలు పడి తొట్లు నిండిన తొలివారములోనే వానిని తిరిగి ఇండ్లకు చేర్చవలెను. వేసవి అంతయు గోడకు అంటియున్న దోమ గ్రుడ్లు పగులుట కూడ ఆ వారములోనే.